కొనువారికి ఉపయోగపడు ఉత్తరములు
(మామిడి రైతుల శిక్షణ తరగతికై వ్రాసిన ప్రసంగ పాఠము)



మామిడి తోటలో దుక్కి ఎప్పుడు చేయవలెను, ఎరువు ఎంత వేయవలెను, తేనెమంచు పురుగును ఎట్లు అదుపు చేయవలెను అను విషయములను మీరు అనేక పర్యాయములు వినియున్నారు. నేడు చెప్పదలచినది తోటకు వెలుపలి సంగతి. పండును పట్టణములోని గృహస్థునకు నేరుగా అమ్ముకొను రైతు అతనికి ఎట్టి ఉత్తరములు వ్రాయవలెను, ఎప్పుడు వ్రాయవలెను, ఎప్పుడు ఊరకుండవలెను అనునదే ఈ ప్రసంగ విషయము. ఇక్కడ ఉత్తరమనగా చేతిలోని ఫోను నుండియే పంపదగిన ఈమెయిలు.

"ఇది వ్యాపారస్థుల పని గదా, మనకెందుకు?" అని మీలో కొందరికి తోచవచ్చును. చెట్టు మీది పంటను గుత్తకు ఇచ్చివేయు రైతునకు గాని, కాయనంతటిని విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టుకు తోలు రైతునకు గాని దీని అవసరము అంతగా లేదు. అక్కడ కొనువాడు కాయను కంటితో చూచి, చేతితో పట్టి, ధర చెప్పును. నేరుగా ఇంటికి పంపు పద్ధతిలో సంగతి వేరు. హైదరాబాదులోని గృహిణి పండును చూడకుండనే డబ్బు చెల్లించుచున్నది. అమెరికాలోనో, గల్ఫు దేశములోనో ఉద్యోగము చేయుచున్న కుమారుడు గుంటూరులోని తల్లిదండ్రులకు ఒక పెట్టె పంపుమని అక్కడ నుండియే సొమ్ము కట్టుచున్నాడు. అతడు ఆ పండును చూడడు, రుచియు చూడడు. అతడు అమెరికాలో ఉన్నచో, మనకు పగలైనపుడు అతనికి రాత్రి. ఫోనులో మాటలాడుటయు కష్టమే. ఇట్టివారికి పండు కంటె ముందుగా అందునది మీ మాట. ఆ మాట నిలిచినదా, మరుసటి ఏడు మరల అడుగుదురు. నిలువలేదా, మీ తోట పేరు వారి ఇంట మరల వినబడదు.

అనుమానము ఎందుకు పుట్టినది?

మామిడి పండు విషయములో పట్టణవాసికి ఒక భయము కలదు. ఆ భయము ఊరక పుట్టినది కాదు. కాల్షియం కార్బైడుతో కాయను మాగవేయుట మన దేశములో నిషిద్ధము. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలలో ఈ నిషేధము స్పష్టముగా కలదు. తేమ తగిలినపుడు కార్బైడు నుండి ఎసిటిలీన్ వాయువు వెలువడును. బజారులో దొరకు కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ అవశేషములు ఉండును. లేత కాయను కోసి దీనితో మాగవేసినచో తోలు పసుపుపచ్చగా తిరుగును గాని, లోపలి గుజ్జు పుల్లగా మిగిలిపోవును. ఒకసారి అట్టి పండును కొని మోసపోయిన ఇల్లాలు, తరువాత మంచి పండు కనబడినను అనుమానించును. కార్బైడు ముట్టని రైతు కూడ ఈ అనుమానము వలన నష్టపడుచున్నాడు.

ఈ అనుమానమును ప్రకటనలు తొలగించలేవు. "మావి నూటికి నూరుపాళ్లు సహజముగా మాగిన పండ్లు" అని కార్బైడు వాడినవాడును వ్రాయగలడు. ఎవరైనను వ్రాయగల మాటకు విలువ ఉండదు. కొనువారు తామే పరీక్షించి చూచుకొనగల మాటకు విలువ ఉండును. "ఈ కాయలను ఏప్రిల్ 26 ఉదయము కోసినాము. ఇవి ఇంకను పచ్చివి. గడ్డిలో ఉంచినచో సుమారు ఐదారు రోజులలో మాగును" అని వ్రాసి చూడుడు. ఆ ఇల్లాలు ఆరవ రోజున గడ్డి తొలగించి, మీరు చెప్పినట్లు జరిగినదా లేదా అని చూచును. జరిగినచో అక్కడ నమ్మకము మొదలగును. తన కంటితో చూచి కుదుర్చుకొన్న నమ్మకము గనుక దానిని మరియొకరు వచ్చి సులభముగా చెరపలేరు.

కావున ఈనాటి ప్రసంగములో మీరు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది ఒక్క విషయము. మీ ఉత్తరము చదివినవారు ఆనాడు మీ వద్ద ఏమియు కొనకపోయినను, వారికి ఏదో యొక ఉపయోగము కలుగవలెను. అట్టి సంగతి మీ వద్ద ఉన్నపుడే ఉత్తరము వ్రాయవలెను.

ఇది క్రొత్త పద్ధతి కాదు

అమెరికాలో వ్యవసాయ పనిముట్లు తయారుచేయు జాన్ డీర్ కంపెనీ 1895లో "ది ఫరో" అను పత్రికను ప్రారంభించినది. ఫరో అనగా నాగటి చాలు. సేద్యపు సంగతులు చెప్పు ఆ పత్రిక నూరేండ్లు దాటినను ఇంకను వెలువడుచున్నది. నాగలి ఎప్పుడో ఒకసారి కొనవలసిన వస్తువు. దానిని గూర్చిన ప్రకటనలే పంపినచో ఏ రైతు చదువును? తన పొలమునకు పనికివచ్చు సంగతి ఉన్నందుననే రైతు దానిని ఇంటిలో ఉంచుకొన్నాడు. నాగలి కొనవలసిన రోజు వచ్చినపుడు ఆ పేరు అతనికి పరిచితమైనదిగా ఉన్నది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణమును కూడ చెప్పెదను. ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరుకు తంతుల ద్వారా మొదటి ఉత్తరమును 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు పంపినాడు. ఏడేండ్లు నిండకముందే, 1978 మే నెలలో, ఒక కంప్యూటరు కంపెనీ ఉద్యోగి తమ క్రొత్త యంత్రముల ప్రకటనను అడుగనివారికి, వందలాది మందికి, ఒక్కసారిగా పంపినాడు. పొందినవారిలో అనేకులు కోపగించి ఫిర్యాదు చేసిరి. నేడు స్పామ్ అని పిలువబడు అక్కరలేని ఉత్తరముల చరిత్ర అక్కడ మొదలైనదని చెప్పుదురు. ఒకే సాధనము. ఉపయోగపడు మాట మోసినపుడు ఇంటిలోనికి రానిత్తురు. అడుగకుండ వచ్చి అరచినపుడు తలుపు మూయుదురు.

ఎవరికి వ్రాయవలెను?

అడిగినవారికే వ్రాయవలెను. పండు కొన్నవారిని, "కోత తేదీలు, పండు నిలువ చేయు పద్ధతులు ఏడాదికి ఐదారుసార్లు వ్రాయుదుము. పంపమందురా?" అని అడుగుడు. ఔనన్నవారి పేరును, ఈమెయిలు చిరునామాను ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ఆ పుస్తకములో ఈ గడులు ఉండవలెను: పేరు, చిరునామా, ఒప్పుకొన్న తేదీ, ఏ రకము ఎన్ని పెట్టెలు కొన్నారు, ఏనాడు అందినవి, ఏమైన ఫిర్యాదు చెప్పిరా, దానికి మనము ఏమి చేసితిమి. ఆవు ఈనిన తేదీ, చూడి కట్టిన తేదీ వ్రాసికొను రైతునకు ఈ పుస్తకము కష్టము కాదు.

ఎవరైనను "ఇక వద్దు" అని వ్రాసినచో ఆనాడే పేరు కొట్టివేయవలెను. కారణము అడుగరాదు. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములోని సూత్రము కూడ ఇట్టిదే. మనిషి ఇష్టపూర్వకముగా, తెలిసి అంగీకరించవలెను. అంగీకరించుట ఎంత సులభమో, దానిని ఉపసంహరించుకొనుటయు అంత సులభముగా ఉండవలెను.

మీ పుస్తకములోని పేర్లను మరియొకరికి ఇయ్యరాదు. ఇండ్ల స్థలములు అమ్మువాడు వచ్చి, "మీ కొనుగోలుదారుల పట్టిక ఇయ్యుడు, ఇంత సొమ్ము ఇత్తును" అనవచ్చును. ఆ పేర్లు మీకు ఇచ్చినది మామిడి పండ్ల కొరకు. పొరుగువాని సొమ్మును దాచిపెట్టినట్లు దాచవలెను.

ఏ నెలలో ఏమి వ్రాయవలెను?

మామిడి చెట్టునకు ఒక క్రమము కలదు. మీ ఉత్తరములు కూడ ఆ క్రమమునే అనుసరించిన మంచిది.

జనవరిలో పూత సంగతి వ్రాయుడు. పూత బాగున్నదా, ఆలస్యమైనదా, మంచు వలన బూడిద తెగులు కనబడినదా? ఉన్నది ఉన్నట్లు నాలుగు వాక్యములు చాలును. పట్టణములోని పిల్లలు పూతను చూచియుండరు. ఒక ఫోటో జతపరచుడు.

మార్చిలో పిందె సంగతియు, పంట ఏపాటి రావచ్చునను మీ అంచనాయు వ్రాయుడు. అంచనాను అంచనా అనియే చెప్పుడు. ఈ ఉత్తరములోనే ఏ రకము దేనికి పనికివచ్చునో తెలుపవచ్చును. బంగినపల్లి కోసికొని తినుటకు, చిన్న రసము పిండుకొని జుర్రుకొనుటకు అనుకూలము. ఈ తేడా తెలియక రసములను కత్తితో కోసి, "పీచు ఎక్కువగా ఉన్నది" అని విసుగుకొనువారు పట్టణములలో కలరు. హిమాయతు పండు మాగిన తరువాత కూడ తోలు మీద కొంత ఆకుపచ్చ మిగిలియుండవచ్చును. రంగును బట్టి గాక, మెత్తదనమును, వాసనను బట్టి తెలిసికొనవలెనని వ్రాయుడు.

ఏప్రిల్ నెలలో రెండు ఉత్తరములు అవసరము. మొదటి దానిలో కోత తేదీ, ధర, రవాణా ఖర్చు, పెట్టె బరువు దాపరికము లేకుండ తెలుపుడు. రెండవది ఆవకాయ వేయువారి కొరకు. పుల్లని, కండ గట్టిగా ఉన్న, టెంక ముదిరిన కాయ కావలెననియు, ముక్కకు టెంక అంటియుండవలెననియు, కాయను కడిగి తడి లేకుండ తుడిచిన తరువాతనే కొట్టించవలెననియు వ్రాయుడు. మీ తోటలో ఆవకాయ కాయ లేకపోయినను ఈ ఉత్తరము వ్రాయవచ్చును. "మా వద్ద బంగినపల్లి మాత్రమే ఉన్నది, అది పచ్చడికి అంత తగదు. మీ దగ్గరి రైతు బజారులో అడిగి చూడండి" అని వ్రాసిన రైతును చదువరి మరచిపోడు. తనకు లాభము లేని చోట నిజము చెప్పినవాడు, లాభమున్న చోటను నిజమే చెప్పునని మనిషి తలచును.

పెట్టె బయలుదేరిన నాడు ఒక ఉత్తరము, జూన్‌లో కోతలు ముగిసిన తరువాత ఒక ఉత్తరము. అంతటితో ఆ ఏటికి చాలును. చెప్పుటకు ఏమియు లేని నెలలలో ఊరకుండుట కూడ మర్యాదయే.

పెట్టెతో పాటు వెళ్లు ఉత్తరము

ఉత్తరము మాటలాడు భాషలో, చిన్న వాక్యములలో ఉండవలెను. ఈ దిగువది ఒక నమూనా. మీ తోటకు తగినట్లు మార్చుకొనుడు.

"నమస్తే అండి. మీ పెట్టెలో 5 కిలోల బంగినపల్లి కాయలు ఉన్నాయి. ఏప్రిల్ 26 ఉదయం కోశాం. కార్బైడు వెయ్యలేదు, కాయలు ఇంకా పచ్చివే. పెట్టె రాగానే మూత తీసి గాలి తగలనివ్వండి. ఎండుగడ్డిలో గాని, పాత పేపర్ల మధ్య గాని ఒక వరసగా పెట్టండి. పచ్చి కాయల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చలికి సరిగ్గా పండవు. అన్నీ ఒకే రోజు పండవు కాబట్టి రోజూ ఒకసారి చూసి మెత్తబడినవి ముందు తీసుకోండి. పండిన తర్వాత ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఆగుతాయి. పండేటప్పుడు కాయ బరువు కొంత తగ్గుతుంది, అందుకని ఒక కాయ ఎక్కువే వేశాం. ఏ కాయ అయినా చెడితే ఫోటో తీసి ఈ ఉత్తరానికే జవాబు పంపండి."

ఇందులో ఒక్క పొగడ్త మాట లేదు. అయినను ప్రతి వాక్యము ఒక ఫిర్యాదును ముందుగానే ఆపుచున్నది. సుమారు 13 డిగ్రీల సెంటీగ్రేడు కంటె తక్కువ చలిలో పచ్చి మామిడి కాయ దెబ్బతినును. తోలు మీద మచ్చలు పడి, కాయ సరిగా మాగదు. ఇంటి ఫ్రిజ్‌లోని చలి అంతకంటె చాల ఎక్కువ. ఈ సంగతి తెలియని గృహిణి పెట్టె రాగానే కాయలను అందులో సర్ది, పది రోజుల తరువాత మీ పండు మంచిది కాదని పదిమందికి చెప్పును. తప్పు పండుది కాదు, ఆమెది కాదు. ఒక్క వాక్యము చెప్పకపోవుటయే తప్పు. అట్లే బరువు సంగతి. మాగునపుడు కాయ నుండి తేమ పోవును. ఆరవ రోజున త్రాసులో వేసి చూచిన వారికి 5 కిలోలు ఉండవు. ముందు చెప్పినచో అది సమాచారము. తరువాత చెప్పినచో సాకు.

మీరు ఎథిలీన్ గదిలో మాగవేసి పంపువారైనచో దానిని దాచవలదు. ఎథిలీన్ కాయ తనంతట తాను విడుచు వాయువే. గాలిలో పది లక్షల పాళ్లకు నూరు పాళ్ల వరకు దానిని పండ్లను మాగవేయుటకు వాడవచ్చునని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతించినది. ఆ మాట ఇట్లే వ్రాయుడు. మూసిపెట్టిన సంగతి బయటపడినపుడే అనుమానము కలుగును.

మందుల సంగతి

"మీరు మందులు కొట్టుదురా?" అని కొనువారు తప్పక అడుగుదురు. కొట్టలేదని చెప్పిన అమ్మకము సులభమని కొందరు తలచుదురు. పూత దశలో తేనెమంచు పురుగునకో, బూడిద తెగులునకో మందు చల్లియున్నచో, ఏ మందు, ఏ నెలలో, ఎన్నిసార్లు చల్లితిరో, చివరిసారి చల్లిన తరువాత ఎన్ని రోజులకు కోసితిరో వ్రాయుడు. మందు డబ్బా మీద, కోతకు ఎన్ని రోజుల ముందు చల్లుట ఆపవలెనో వ్రాసియుండును. ఆ గడువు పాటించితిరని తేదీలతో చూపగలిగినచో చదువుకొన్న కొనుగోలుదారు అర్థము చేసికొనును. "సేంద్రియ పంట" అను మాటను ఆ పద్ధతిని నిజముగా పాటించి, ధ్రువపత్రము ఉన్నవారే వ్రాయుట శ్రేయస్కరము. అబద్ధము ఒక ఏడు నడచును. రెండవ ఏడు పొరుగూరి బంధువు ఎవరో, "వాళ్ల తోటలో మందు కొట్టుచుండగా నేను చూచితిని" అనును. దానితో మీరు చెప్పిన మిగిలిన నిజములన్నియు కొట్టుకొని పోవును.

చెడు వార్తను ముందుగా చెప్పుట

ఇప్పుడు అన్నిటికంటె కష్టమైన ఉత్తరమును గూర్చి చెప్పెదను. ఏప్రిల్, మే నెలలలో గాలివానలు మనకు క్రొత్త కాదు. ఒక్క రాత్రిలో కాయ నేల రాలిపోవును. అప్పటికే మీరు నలుబది ఇండ్ల నుండి సొమ్ము తీసికొని యుందురు. చెట్టు మీద పదునైదు పెట్టెలకు సరిపడు కాయ మాత్రమే మిగిలియుండును. ఆ సమయమున ఒక ఆలోచన వచ్చును: "మార్కెట్టులో కొని, మన పెట్టెలలో పెట్టి పంపిన ఎవరికి తెలియును?" నమ్మకము నిలుచుటయు పోవుటయు ఈ ఒక్క రాత్రి మీదనే ఆధారపడియుండును.

మార్కెట్టు కాయను ఎవరు కోసిరో, ఏ దశలో కోసిరో, దేనితో మాగవేసిరో మీకు తెలియదు. దాని మీద మీ తోట పేరు వేసిన క్షణము నుండి దాని దోషములన్నియు మీవే అగును. అందుచేత మరునాడు ఉదయమే ఈ విధముగా వ్రాయుడు.

"నమస్తే అండి. నిన్న రాత్రి గాలివానకు మా తోటలో కాయ చాలా రాలిపోయింది. ఫోటో పంపుతున్నాను. మీరు చెప్పిన 3 పెట్టెల్లో ఒకటి మాత్రమే ఇవ్వగలను. రాలిన కాయ మీకు పంపను, దెబ్బ తగిలినది పండేలోపు కుళ్లుతుంది. బయట కొని మా పేరుతో పంపడం కూడా నాకు ఇష్టం లేదు. మిగతా రెండు పెట్టెల డబ్బు శనివారం లోపల తిరిగి పంపిస్తాను. ఆ ఒక్క పెట్టె కూడా వద్దనుకుంటే చెప్పండి, మొత్తం డబ్బు పంపేస్తాను."

ఈ ఉత్తరము వలన ఆ ఏటి రాబడి తగ్గును. ఆ మాట దాచుట న్యాయము కాదు. గాలివాన దెబ్బ మీద సొమ్ము తిరిగి ఇచ్చుట ఎంత బాధయో రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. అందుకే ముందుగా తీసికొన్న సొమ్మును కోత పూర్తి అగువరకు వేరుగా ఉంచుట, లేదా సగము సొమ్ము మాత్రమే ముందు తీసికొనుట, లేదా మీకు రాగలదని తోచిన కాయలో సగమునకు మించి మాట ఇయ్యకుండుట మంచిది. ఆ జాగ్రత్త లేనిచో నిజము చెప్పవలెనని మనసులో ఉన్నను చేతిలో సొమ్ము ఉండదు. ఉత్తరములోని నిజాయితీకి ఆధారము మీ లెక్కల పుస్తకములో ఉండవలెను.

ఫిర్యాదు వచ్చినపుడు

పండు చెడినదని ఉత్తరము వచ్చినచో ఒక్క రోజు దాటకుండ జవాబు వ్రాయుడు. మొదటి వాక్యములో వాదన వలదు. ఎన్ని కాయలు చెడినవి, ఎట్లు చెడినవి అని అడిగి, వాటి సొమ్ము తిరిగి ఇచ్చుటయో, వేరు కాయ పంపుటయో చేయుడు. తరువాత కారణము వెదకుడు. తొడిమ దగ్గర నల్లబడి కుళ్లినదా? సొన కారి తోలు మాడినదా? కాయ లోపల పురుగు ఉన్నదా? మొదటిది తెగులు, రెండవది కోతలోని లోపము, మూడవది పండు ఈగ పని. తొడిమ కొంత ఉంచి కోసి, సొన కాయ మీద పడకుండ కార్చివేసిన తరువాత పెట్టెలో పెట్టవలెనని మీకు తెలియును. ఆనాటి కూలీలకు ఆ మాట చెప్పితిరా అని చూచుకొనుడు. తెలిసిన కారణమును కొనువారికి వ్రాయుడు. వచ్చిన ఫిర్యాదు మీ తోటను గూర్చి ఉచితముగా అందిన సలహా వంటిది.

లెక్క చూచినను ఇదియే లాభము. ఒక ఇల్లు ఏటికి 4 పెట్టెలు తీసికొనునని అనుకొందము. ఐదేండ్లలో అవి 20 పెట్టెలు. మూడు కాయల కొరకు వాదించి గెలిచినచో మూడు కాయలు మిగులును, మిగిలిన పెట్టెలు పోవును.

మోసగాండ్రను గూర్చి ఒక హెచ్చరిక

నమ్మకమున్న చోటికే దొంగ వచ్చును. మీ పేరుతో ఎవరైనను మీ కొనుగోలుదారులకు ఉత్తరము వ్రాసి, "మా బ్యాంకు ఖాతా మారినది, ఇక ఇక్కడ కట్టుడు" అనవచ్చును. కావున మీ మొదటి ఉత్తరములోనే ఈ మాటలు వ్రాయుడు: "మా ఖాతా, మా యూపీఐ పేరు ఇవి. ఇవి మారినాయని ఉత్తరం వస్తే నమ్మకండి, మాకు ఫోను చేసి అడగండి. మేము ఎప్పుడూ ఓటీపీ అడగము." ఇది చదివినవారు మీ తోట విషయములోనే గాక ఇతర చోట్లను జాగ్రత్తపడుదురు. ఉపయోగపడు ఉత్తరమనగా ఇట్టిదే.

పంపునపుడు పాటించవలసినవి

1. అందరి చిరునామాలను "టు" అను గడిలో వ్రాయరాదు. అట్లు చేసినచో ఒకరి చిరునామా అందరికి తెలిసిపోవును. "బీసీసీ" అను గడిలో వ్రాయుడు. సాధారణ జీమెయిల్ ఖాతా నుండి రోజునకు 500 మందికి మించి పంపుటకు వీలు లేదు. మనకు అంత అవసరమును ఉండదు.

2. ఉత్తరము పైన వ్రాయు విషయము లోపలి సంగతిని సూటిగా చెప్పవలెను. "మీ మామిడి పెట్టె 28న బయలుదేరుతుంది" అనునది మంచి విషయము. "అద్భుత అవకాశము, త్వరపడండి" అని వ్రాసినచో చదువకుండనే తీసివేయుదురు.

3. ఒక ఉత్తరములో ఒకే సంగతి ఉండవలెను. పూత సంగతి వ్రాయుచు చివర ధరల పట్టిక అతికించరాదు.

4. "పంట తక్కువ, ఈ రాత్రికే చెప్పకపోతే దొరకదు" అని తొందరపెట్టరాదు. నిజముగా తక్కువైనచో ఎన్ని పెట్టెలు ఉన్నవో సంఖ్య వ్రాయుడు.

5. ప్రతి ఉత్తరము అడుగున మీ పేరు, ఊరు, ఫోను సంఖ్య, "ఉత్తరాలు వద్దనుకుంటే ఒక్క మాట రాయండి" అను వాక్యము ఉండవలెను.

6. వాట్సాప్ అత్యవసరమైన కబురునకు మంచిది. బండి ఆలస్యమైనదని అందులో చెప్పుడు. నిలువ చేయు పద్ధతి, ఖాతా వివరములు, కోత తేదీలు ఈమెయిలులో పంపినచో మరుసటి ఏడు కూడ వెదకి చదువుకొనుటకు వీలుగా ఉండును.

7. వ్రాయుట అలవాటు లేనివారు ఇంటిలో చదువుకొన్న కుమార్తెతోనో, కుమారునితోనో వ్రాయించుకొనుడు. అయితే చెప్పవలసిన మాట మీదై ఉండవలెను. పంపుటకు ముందు పైకి చదివించుకొని వినుడు. మీ నోట రాని మాట అందులో ఉన్నచో కొట్టివేయుడు.

మొదటి ఏడే పంటనంతటిని ఈ పద్ధతిలో అమ్మజూడవలదు. ముప్పది నలుబది పెట్టెలతో మొదలుపెట్టి, మిగిలిన కాయను అలవాటైన చోటనే అమ్ముకొనుడు. ఆ ముప్పది ఇండ్లలో మరుసటి ఏడు ఎన్ని ఇండ్లవారు తమంతట తాము అడిగిరో లెక్కించుడు. ఉత్తరములు పనిచేసినవా లేదా అనుటకు అదియే కొలత.

నాటిన మొక్కకు మొదటి ఏండ్లలో నీరు పోయుదుము, కంప కట్టుదుము, కాయ మాత్రము ఆశించము. కొనువారి నమ్మకము విషయములోను అంతటి ఓర్పు కావలెను. మీ తోటలలో పూత రాకముందే ఆ పుస్తకమును తెరచి, మొదటి పది పేర్లు వ్రాసికొనగలరని ఆశించుచున్నాను.